కిలోమీటరు నంబరున్న మెచ్చుకోలు

మొన్న ఉగాదికి ముందు ఆదివారం గుంతకల్లు వెళ్ళాను. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇల్లు దులపడానికి తోడు రమ్మంది. దులపడానికే వెళ్ళాను గానీ అటక మీది రేకు పెట్టె కిందికి దించాక పని అక్కడే ఆగిపోయింది. మా పెద్దనాన్న రైల్వే ఉద్యోగం మొత్తం ఆ పెట్టెలో ఉంది. పాత పాసులు, జీతం చీటీలు, సొసైటీ లోను కాగితాలు, ఎలుకలు కొరికిన ఎర్రజెండా గుడ్డ ఒకటి, అన్నిటికీ అడుగున పాలిథిన్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది.

అది 1996లో రైల్వే వారోత్సవాలప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచింది కదా, ఆ తేదీని పట్టుకొని ఏటా ఏప్రిల్‌లో ఈ వారోత్సవాలు చేసి పనిచేసిన వాళ్ళకు బహుమతులిస్తారు. కాగితం ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. ఫలానా కీమేన్, ఫలానా తేదీ ఉదయం 6 గంటల 20 నిమిషాలకు, ఫలానా కిలోమీటరులో, ఈ స్తంభానికీ ఆ స్తంభానికీ మధ్య, ఎడమ పట్టా అతుకు విరిగి ఉండటం గమనించి, రాబోయే బండిని ఆపించినందుకు అని. నేను ఇంకా చదవడం మొదలుపెట్టకముందే, మంచం మీద గోడకానుకొని కూర్చున్న పెద్దనాన్న ఆ కిలోమీటరు నంబరు, స్తంభాల నంబర్లతో సహా, గడగడా చెప్పేశాడు. ఈయనకు ఇప్పుడు 77 ఏళ్ళు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, నన్ను మా చెల్లి పేరుతో పిలుస్తాడు.

"నంబరు ఇంకా గుర్తుందా పెద్దనాన్నా?" అంటే ఆయన అన్న మాట రాస్తున్నాను. "అయిదు నూర్లు ఇచ్చిరి, అది ఆ నెల్లోనే అయిపాయ. ఈ కాయితంలో నేను యాడ నిలబడి చూస్తినో రాసిండారు గదమ్మా. అంటే అది యాడుందో తెలుసుకొని రాసిండారు."

కీమేన్ పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. తనకు అప్పజెప్పిన ఐదారు కిలోమీటర్ల పట్టాల వెంట పొద్దున్నే నడవాలి. భుజాన సుత్తె, స్పానరు, చేతిలో జెండాలు, సంచిలో డిటోనేటర్లు, అంటే పట్టా మీద పెడితే బండి చక్రం కింద టపాకాయలా పేలి డ్రైవరును హెచ్చరించేవి. వదులైన క్లిప్పులు కొట్టి బిగించుకుంటూ, అతుకులు చూసుకుంటూ పోవాలి. చలికాలం తెల్లవారుజామున ఇనుము ముడుచుకోవాలని చూస్తుంది, కానీ పట్టాను కదలకుండా బిగించి పెట్టి ఉంటారు, ఆ లాగుడుకు ఎక్కడో బలహీనంగా ఉన్న వెల్డింగ్ పుటుక్కుమంటుంది. దూరం నుంచి చూస్తే పట్టా మీద గీత గీసినట్టుంటుంది, అంతే. రోజూ అదే దారిన నడిచే కాళ్ళకూ కళ్ళకూ మాత్రమే అది దొరుకుతుంది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయనకు అట్లా దొరికింది రెండుసార్లు. మిగతా రోజులన్నీ ఊరికే నడిచాడు.

ఆ రాత్రి అనంతపురం తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా బీరువా గుర్తొచ్చింది. నేను సోషల్ టీచర్‌ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. బీరువాలో శాలువాలు పదకొండున్నాయి, పదకొండూ కలిపి కప్పుకున్నా చలి ఆగదు. మన దగ్గర కొత్తగా కొనే శాలువాల కంటే చేతులు మారే శాలువాలే ఎక్కువని మా స్టాఫ్ రూంలో ఒక జోకు. నేనే ఒకసారి నాకు కప్పిన దాన్ని ఇస్త్రీ చేయించి ఇంకొకరికి కప్పించాను, సభలో కూర్చొని దాని అంచు మీదున్న టీ మరక చూసి గుర్తుపట్టాను కూడా. సెప్టెంబరు 5 వస్తే గురుపూజోత్సవం, దండ, మెమెంటో, ఫొటో. కొన్ని అవార్డులకైతే మనకు మనమే అర్జీ పెట్టుకోవాలి, మన గొప్పలు మనమే ఫైలు కట్టి ఇచ్చుకోవాలి. ఒక సంస్థవాళ్ళు నాకిచ్చిన సర్టిఫికెట్‌లో వాక్యమంతా ముందే అచ్చయి ఉంది, పేరు కోసం వదిలిన ఖాళీలో పెన్నుతో రాశారు, ఇంటిపేరు తప్పు. "విద్యారంగానికి అందించిన విశేష సేవలకు గాను". ఆరోజు స్టేజి మీద ఇరవై నలుగురం ఉన్నాం, ఇరవై నలుగురివీ అవే విశేష సేవలు. ఏ విశేషమో, ఏ సేవో అడిగితే ఇచ్చినవాళ్ళు చెప్పలేరు, నిజానికి నేనూ చెప్పలేకపోయాను. ఫొటో వాట్సాప్‌లో పెట్టాను, నూట ఇరవై మంది దండాలు పెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి పప్పు తాలింపు పెడుతుంటే నాకెందుకో ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇన్నేళ్ళ తర్వాత గుంతకల్లు కాగితం చూశాక తెలిసింది, నా సర్టిఫికెట్‌లో కిలోమీటరు నంబరు లేదు.

పొగడ్తల విషయంలో మా ఇళ్ళల్లో పెంపకమే వేరు. పిల్లల్ని ఎదురుగా మెచ్చుకుంటే దిష్టి. ఎవరైనా కాస్త ఎక్కువ మెచ్చుకుంటే "ఏం మునగచెట్టు ఎక్కిస్తాండావా?" లేకపోతే "ఏం పని పడింది?" మా నాయన దగ్గర ఉన్న పెద్ద బిరుదు ఒక్కటే, "ఫర్వాల్యా". చెనిక్కాయ పంట ఇరగ్గాస్తే ఫర్వాల్యా, అమ్మ పండక్కి ఓళిగలు వెన్నంత మెత్తగా చేస్తే ఫర్వాల్యా, నాకు పదో తరగతిలో 600కు 511 వస్తే ఫర్వాల్యా. ఆ 511 సంగతి మాత్రం బస్టాండు దాకా ఉన్న ప్రతి అంగడిలో చెప్పి వచ్చాడట, అది నాకు కిరాణా అంగడాయన చెబితే తెలిసింది. వెనక చెప్పి ముందు దాచుకునే మనుషులం. నేను టీచరయ్యాక దీనికి పూర్తిగా ఎదురు దిశలో పోయాను, ప్రతి పిల్లాడికీ శభాష్, ప్రతి నోటుబుక్కులో గుడ్, వెరీ గుడ్. చాలా ఏళ్ళు అదే మంచి టీచరు లక్షణం అనుకున్నాను.

మా బడి కణేకల్లు వైపు. 2024 దసరా సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి నోటుబుక్కులు దిద్ది ఇచ్చినప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మేడం, నాకు గుడ్ అని పెట్టినారు, యాది గుడ్?" అని. పక్కనున్నవాడు అందుకొని "అందరికీ గుడ్డు పెట్టింది రా మేడం" అన్నాడు, క్లాసు క్లాసంతా పడీపడీ నవ్వింది. మా పిల్లల భాషలో గుడ్డు అంటే సున్నా. అడిగినవాడు మాత్రం నవ్వలేదు, నిజంగానే అడిగాడు. నేను వాడి బుక్కు తీసుకొని చూశాను, ఏది గుడ్డో నాకూ కనబడలేదు, ఎందుకంటే నేను చదవకుండా పెట్టాను. నలభై రెండు బుక్కులు, రాత్రి పదిన్నర, ఏం చేస్తాం. అబద్ధం చెప్పలేక "రేపు చెబుతాను" అని బుక్కు ఇంటికి తెచ్చుకున్నాను.

అందులో ఒక మ్యాపు ఉంది. రాష్ట్రం మ్యాపులో నదులు గీయమన్నాను. కృష్ణ, పెన్న, తుంగభద్ర అన్నీ నీలం పెన్సిల్‌తో నిండుగా గీశాడు, పెన్న కొంచెం వంకర పోయింది. హగరి దగ్గరికి వచ్చేసరికి నీలం లేదు, మామూలు పెన్సిల్‌తో చుక్కలు, చుక్కల చుట్టూ సన్నగా రుద్దిన మచ్చలు. హగరి అంటే వేదవతి, కర్ణాటక నుంచి భైరవానితిప్ప మీదుగా మా కణేకల్లు పక్క నుంచి పోతుంది. పోతుంది అనడమే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. దర్గాహొన్నూరు దగ్గర ఆ ఇసక గాలికి లేచి దిబ్బలు దిబ్బలుగా చేల మీద పడి, చూసేవాళ్ళకు రాజస్థాన్ అనిపిస్తుంది. వీడిది ఆ పక్క ఊరే. వానలప్పుడు మాత్రమే పారే ఏళ్ళను తెగిన గీతతో చూపించడం మ్యాపుల్లో నిజంగానే ఉన్న పద్ధతి. వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు. వాడు చూసింది గీశాడు. ఆ మచ్చలు ఇసక దిబ్బలు.

బుక్కు అంచున రాశాను: "హగరిని నీలంతో గీయకుండా చుక్కలు పెట్టినావు. ఎండిన ఏరని తెలిసి గీసినట్టుంది. మ్యాపులు తయారుచేసేవాళ్ళు కూడా ఇట్లాంటి ఏళ్ళను తెగిన గీతతోనే గీస్తారు. పెన్న మాత్రం ఇంకొంచెం కిందికి రావాలి, మళ్ళీ గీసి చూపించు."

మరుసటి రోజు వాడు దాన్ని చదువుకోవడం నేను బోర్డు మీద రాస్తూ ఓరకంటితో చూశాను. ఒకసారి చదివాడు. బుక్కు మూశాడు. మళ్ళీ తెరిచి చదివాడు. పక్కవాడు లాక్కోబోతే మోచేత్తో అడ్డం పెట్టాడు. సాయంత్రం బెల్లు కొట్టాక పెన్న సరిచేసి తెచ్చాడు. ఆ తర్వాత నన్ను వదల్లేదు, అడిగినా అడగకపోయినా మ్యాపులే మ్యాపులు, ఒక్కోసారి విసుగొచ్చేది కూడా. వాడి అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగు పనికి పోయారు, వాడు అవ్వ దగ్గరుంటాడు, దసరాకు ముందు వారంలో మూడు రోజులు వస్తే గొప్ప. ఆ తర్వాత ఐదు రోజులు రావడం మొదలుపెట్టాడు. లెక్కల్లో ఇప్పటికీ గట్టెక్కలేదు, సినిమాల్లో లాగా వాడేమీ ఫస్టు రాలేదు, ఆ భ్రమలు పెట్టుకోవద్దు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఉత్సాహం ఆగక వారం తర్వాత ప్రార్థన సమయంలో మైకు పట్టుకొని వాడి మ్యాపు గురించి బడికంతా చెప్పాను. వాడు తల వంచుకొని నిలబడ్డాడు, నేను సిగ్గు అనుకున్నాను. రెండు రోజులు బడికి రాలేదు. తోటి పిల్లలు "మేడం పిల్లోడు" అని పేరు పెట్టి, చుక్కలు చుక్కలు అని వెంటబడ్డారట. మూడో రోజు వచ్చి "మేడం, బుక్కులో రాయండి, మైకులో వద్దు" అన్నాడు. అంత సూటిగా నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. అందరి ముందూ మెచ్చుకుంటే అందరూ సంతోషిస్తారని మనం స్టేజీలకు అలవాటుపడి అనుకుంటాం. పద్నాలుగేళ్ళ పిల్లాడికి తన గుంపు కావాలి, మనం మైకులో ఎత్తినప్పుడు వాడు గుంపులోంచి లేచి గాల్లో వేలాడతాడు.

అమెరికాలో ఏడో తరగతి పిల్లలతో చేసిన ఒక ప్రయోగం గురించి తర్వాత చదివాను, డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్, మరికొందరు కలిసి 2014లో అచ్చువేసింది. పిల్లలు తమ హీరో గురించి వ్యాసం రాస్తే, టీచర్లు ఎప్పటిలాగే తప్పులు దిద్ది ఇచ్చారు. సగం మంది వ్యాసాలకు "నీ మీద పెద్ద ఆశలున్నాయి, నువ్వు అందుకోగలవని నాకు తెలుసు, అందుకే ఇవన్నీ రాస్తున్నాను" అనే చీటీ అంటించారు. మిగతా సగానికి ఏదో మామూలు చీటీ. నల్లజాతి పిల్లల్లో మామూలు చీటీ అందినవాళ్ళు 17 శాతమే వ్యాసం మళ్ళీ రాసి తెచ్చారు, ఆశలున్న చీటీ అందినవాళ్ళు 70 శాతానికి పైగా. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకొని లోకమంతా అంతే అనలేం. నాకు నచ్చింది ఏమిటంటే అందులో పొగడ్త లేదు. ఎర్ర సిరా అట్లాగే ఉంది, తప్పులు తప్పులుగానే ఉన్నాయి. ఈ టీచరు నన్ను కొట్టిపారేయడానికి రాసిందా, నా కోసం కూర్చొని రాసిందా అనే అనుమానం ఒక్కటి తీరింది. బడి తమది కాదేమో అని రోజూ అనుమానపడే పిల్లలకే ఆ చీటీ ఎక్కువ పనిచేసింది. మా దగ్గర ఆ అనుమానం ఎవరికుంటుందో నేను చెప్పనక్కర్లేదు, వెనక బెంచీలు చూస్తే తెలుస్తుంది.

ఇది రాస్తుంటే నా చిన్నప్పటి స్నేహితురాలు గుర్తొస్తోంది. మా ఊరి ఆర్‌డీటీ బడికి సాయంత్రాలు వెళ్ళేది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ, స్పెయిన్‌లో ఎవరో ఒకరు ఇక్కడి ఒక్కో పిల్లకూ స్పాన్సరుగా ఉంటారు, పిల్లలు వాళ్ళకు బొమ్మలు గీసి ఉత్తరాలు పంపుతారు. ఇది ఒకసారి తన మేకపిల్లను గీసి పంపింది. మరుసటి ఏడు జవాబులో ఆవిడ అడిగిందట, మేకపిల్ల ఎంత పెద్దదైంది, చెవి మీద మచ్చ ఇంకా ఉందా అని. అప్పటికి మేకను అమ్మేశారు. అయినా ఇది ఆ ఉత్తరాన్ని తరగతిలో అందరికీ చూపించి, "మచ్చ సంగతి అడిగింది, మచ్చ సంగతి" అని తిరిగింది. ఏం పంపించారో, బట్టలో పుస్తకాలో, మాకెవరికీ గుర్తులేదు.

ఇక మన ఫ్లెక్సీలు. పదో తరగతి రిజల్టు వచ్చిన సాయంత్రానికల్లా అనంతపురం నుంచి కర్నూలు దాకా ఏ బడి గేటు చూసినా నవ్వు ముఖాలే, కింద మార్కులు. ప్రైవేటు వాళ్ళను అనడానికి లేదు, మా బడిలో ఫ్లెక్సీ డిజైను చేయించిందే నేను, అక్షరాలు ఇంకా పెద్దవి కావాలని ఫ్లెక్సీ అంగడిలో గొడవపడ్డాను. ఏడుగురి ఫొటోలు వేశాం. పాసైనవాళ్ళు అరవై ఒక్కరు. మిగతా యాభై నలుగురు టీసీ కోసం ఆ ఫ్లెక్సీ కిందుగానే లోపలికి వచ్చారు, ఒక పిల్ల తల పైకెత్తి ఏడు ముఖాలూ వరసగా చూసి లోపలికి నడిచింది. ఐదేళ్ళు బడి చెట్లకు నీళ్ళు పోసిన పిల్ల అది. టాపర్లను మెచ్చుకోవద్దని కాదు, వాళ్ళు కష్టపడ్డారు. కానీ ఎప్పుడూ ఆ ఏడుగురినే మెచ్చుకుంటుంటే మిగతావాళ్ళు ఐదేళ్ళు చదివి కూడా బడికి చుట్టాల్లాగే మిగిలిపోతారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు, గుర్తుండే ఉంటుంది, కడప మున్సిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి కూడా వచ్చారు. మా దగ్గరికి ఏ మంత్రీ రాలేదు గానీ మన మ్యాపు పిల్లాడి అవ్వ వచ్చింది. గట్టి అంచు చీర కట్టుకొని, కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చొని, "ఏం తప్పు చేసినాడు తల్లీ" అనే మొదలుపెట్టింది. బడి నుంచి పిలుపంటే ఆమెకు తెలిసింది అంతే. నేను ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి మ్యాపు చూపించాను, ఇదిగో మీ ఏరు, నీళ్ళు లేవని చుక్కలు పెట్టాడు అని. ఆమె వేలితో ఆ చుక్కల మీద తడిమి "నా పెండ్లప్పుడు పారతాండె తల్లీ, బండి కట్టుకొని దాటల్యాకపోతిమి" అని హగరి కథంతా చెప్పింది. వెనక తల్లిదండ్రులు వరసలో నిలబడ్డారు, హెడ్‌మాస్టరు గడియారం చూస్తున్నాడు, ఆమె ఆపలేదు, నేనూ ఆపలేదు. కథ అయ్యేసరికి కుర్చీ నిండుగా కూర్చొని ఉంది.

పిల్లల సంగతి ఇంత చెప్పి పెద్దవాళ్ళను వదిలేస్తే ఎట్లా. మా బడిలో వంట చేసే అక్క ఉంది. మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు, గోదావరి జిల్లా లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టిన మహాతల్లి. మంచి పేరే, అన్నం పెట్టిన చేతిని తలుచుకోవడమే కదా. కానీ మా అక్క పేరు మా స్టాఫులో సగం మందికి తెలియదు, "వంటామె" అంటారు. ఆమెకిచ్చే డబ్బును గౌరవ వేతనం అంటారు, 2019లో 1000 నుంచి 3000 చేశారు. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు ఒక ముద్ద నోట్లో పెట్టుకొని "బాగుంది" అని హెడ్‌మాస్టరుతో చెప్పి వెళ్తారు, పొయ్యి వైపు తిరిగి చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

ఒకరోజు నేను ఆలస్యంగా తినడానికి వెళ్తే, అక్క ఆరో తరగతి పాప ఒకదానికి విడిగా గిన్నెలోంచి పప్పు వేస్తోంది. నోరు పూసిందట ఆ పాపకు. మిరపకాయ వేయకముందే ఒక గరిటె తీసి పక్కన పెట్టిందంటే పొద్దున పప్పు ఉడికేటప్పుడే గుర్తుపెట్టుకుందన్నమాట, నూట ఎనభై మందికి వండుతూ. చూశాను, ఆ మాటే చెప్పాను, "పాపకు కారం లేకుండా ముందే తీసిపెట్టినావు కదక్కా" అని. ఆమె గరిటె ఆపి "మీరు చూసినారా?" అంది. అంతే, ముఖం వెలిగింది అది ఇది ఏమీ రాయను, ఆమె వెంటనే అడిగింది ఇది: "అట్లనే మా బిల్లు రెండు నెల్లుగా పడల్యా, అదీ చూడండి మేడం. మెచ్చుకుంటే పొయ్యి మండదు గదా."

ఇది మన ఆఫీసుల్లో పెద్దలందరూ వినాల్సిన మాట. జీతం పెంచడం ఇష్టంలేని చోట మెమెంటోలు ఎక్కువ కనబడతాయి, గమనించండి. మా తమ్ముడు బెంగళూరులో ఒక కంపెనీలో చేస్తాడు. అక్కడ నెలకొక ఉత్తమ ఉద్యోగి ఉంటాడు, గోడ మీద ఫొటో, కూపన్. అది వంతుల వారీ అని అందరికీ తెలుసు, మా వాడి వంతు జులైలో వస్తుందని జూన్‌లోనే ఇంట్లో చెప్పాడు. ఉద్యోగులు సంతోషంగా ఉన్నారా లేదా అని ఒక సర్వే కూడా ఇచ్చారట. అమెరికాలో గాలప్ అనే సంస్థ తయారుచేసిన పన్నెండు ప్రశ్నలున్నాయి, చాలా కంపెనీలు వాటినే వాడతాయి, అందులో ఒకటి, గడిచిన ఏడు రోజుల్లో మంచి పని చేసినందుకు నీకు గుర్తింపు గానీ మెచ్చుకోలు గానీ అందిందా అని. ఏడు రోజులంటే ఏడే రోజులు, ఏడాదికోసారి వచ్చే సన్మానం లెక్కలోకి రాదు. మా వాడు "ఏడు రోజులు కాదక్కా, ఏడు నెలలు అని అడిగి ఉంటే ఆలోచించి చెప్పేవాణ్ణి" అన్నాడు. ఉద్యోగం ఎందుకు మారలేదని అడిగితే మాత్రం పాత మేనేజరు ఒకాయన పేరు చెప్పాడు. రాత్రి రెండింటికి వీడు ఏదో తప్పు పట్టుకొని సరిచేస్తే, పొద్దున ఆయన ఫోన్ చేసి "ఆ మూడో ఫైల్లో నువ్వు చూసింది నేను రెండుసార్లు చూసి కూడా వదిలేశాను" అన్నాడట. ఆయన కంపెనీ వదిలిపోయి రెండేళ్ళయింది, మావాడు ఇంకా ఆ కాల్ మీద బతుకుతున్నాడు.

నేను మారిపోయానని చెప్పను. నలభై రెండు బుక్కులు అవే, రాత్రి పదిన్నర అదే. వారానికి ఆరు బుక్కులు మాత్రం నిజంగా చదువుతాను, ఏడు వారాలకు ఒక తరగతి పూర్తవుతుంది, మిగతావాటికి టిక్కు పెడతాను గానీ గుడ్ పెట్టను. పిల్లలు కనిపెట్టేశారు. "మేడం, నా వంతు ఎప్పుడు?" అని అడుగుతారు. ఈ వంతుకూ మా తమ్ముడి కంపెనీ వంతుకూ తేడా ఏంటని నన్ను అడగొచ్చు, నేనూ ఆలోచిస్తున్నాను.

గుంతకల్లులో ఆ సాయంత్రం ఆ కాగితాన్ని ల్యామినేషన్ చేయిస్తానన్నాను. పెద్దనాన్న వద్దన్నాడు. ఇంకో రెండేళ్ళకు మడతల దగ్గర చిరిగిపోతుంది పెద్దనాన్నా అంటే "ఎనకల తిప్పు" అన్నాడు. తిప్పితే వెనక పెన్సిల్‌తో పాత పాల లెక్క, సగం చెరిగిపోయింది, దాని కింద పెన్నుతో ఒక పేరు. పేరు పక్కన తెలుగులో "ఎర్రజెండా పట్టుకొని ఉరికినోడు" అని ఉంది. ఆయన గ్యాంగ్‌మేన్. ఆ పొద్దు పెద్దనాన్న విరిగిన పట్టా దగ్గర కాపలా నిలబడితే, ఆయనే బండికి ఎదురు పరిగెత్తి డిటోనేటర్లు పెట్టి వచ్చాడట. ఇంగ్లీషులో టైపు కొట్టిన వైపు ఆయన పేరు లేదు. ఆయన ఇప్పుడు లేడు, ఇంట్లోవాళ్ళను అడగలేదు కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు.

"ఆ దినమే వాని ఇంటికి జిరాక్స్ ఇచ్చినా," అన్నాడు పెద్దనాన్న. "రెండు పక్కలా తీపిచ్చి."